లారీ ఆఫీసులో ఆడపిల్ల రిసెప్షన్ దాటి పైకి రాగలదా? గుణుపూర్ అమ్మాయికి నా జవాబు

ప్రశ్న: మాది ఒడిశాలో గుణుపూర్. బీకాం అయింది, 22 ఏళ్లు. రాయగడలో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులోనూ, విశాఖలో ఒక పెద్ద కంపెనీ గోడౌన్‌లోనూ ఉద్యోగం వచ్చేలా ఉంది. నాన్న లారీ డ్రైవరే, అయినా ఆయనే ఆ లైను ఆడపిల్లలకి పనికిరాదంటున్నారు. ఈ ఫీల్డులో ఆడవాళ్లు నిజంగా పైకొచ్చారా, లేక ఫోన్లెత్తే పనిలోనే ఉండిపోతామా? రెండిట్లో ఏది ఎంచుకోమంటారు?

జవాబు:

తల్లీ, నువ్వు అనే పిలుస్తున్నాను ఏమనుకోకు, మా పెద్దమ్మాయి కంటే చిన్నదానివి. ముందు మీ నాన్నగారి మాట కొట్టిపారెయ్యకు. ఆయన చూసిన లైను అదే కదా, సుంకి ఘాట్‌లో అర్ధరాత్రి బండి ఆగిపోతే తెల్లారేదాకా సెల్లు లైటు పట్టుకుని కూర్చోడం, అన్‌లోడింగ్ దగ్గర రెండ్రోజులు బండి కిందే పడక, దాబా వెనక తొట్టి దగ్గర స్నానం, దారి పొడుగునా చెయ్యి చాపేవాళ్లు. ఏ తండ్రి కూతుర్ని అందులోకి రమ్మంటాడు. కాకపోతే డ్రైవర్ సీట్లోంచి ట్రాన్స్‌పోర్ట్ సగమే కనపడుతుంది, ఆయనకి అడ్వాన్స్ ఎవరు లెక్కకట్టి వేశారో, ఆయన తెచ్చిన కాగితం తర్వాత ఎన్ని చేతులు మారి డబ్బయిందో ఆయన ఎప్పుడూ చూసి ఉండరు. నాకు తెలిసింది ఆ రెండో సగం.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పుట్టింది సాలూరు, పెళ్లయి వచ్చింది రాయగడ. ఎల్‌ఆర్, అంటే సరుకుకి లారీ రసీదు, అది రాసే గుమస్తాగా చేరి, తర్వాత బిల్లింగు, తర్వాత బళ్లు పంపించే పని, ఇప్పుడు సొంత బుకింగ్ ఆఫీసు, నాలుగు బళ్లు ఉన్నాయి. అంతకంటే పెద్ద చరిత్ర లేదు.

సాలూరు సంగతి నీకు తెలుసో లేదో, అంత చిన్న ఊళ్లో అన్ని లారీలు ఏంటో బయటివాళ్లకి అర్థం కాదు, ఓనర్లు, బాడీ కట్టేవాళ్లు, పెయింటర్లు, టైర్ల షాపులు, ఊరు ఊరంతా దాని మీదే బతుకుతుంది. కోరాపుట్ మీదుగా రాయపూర్ వెళ్లే బళ్లకి మొదటి నుంచీ అదే మకాం. అక్కడ నేను చిన్నప్పటి నుంచీ చూసిన వింత ఒకటి చెప్తాను. ఎన్నో లారీల ఆర్‌సీలు ఆడవాళ్ల పేరు మీదే ఉంటాయి. భార్య పేరు, వదిన పేరు, తల్లి పేరు, ఇన్‌కమ్‌టాక్స్ లెక్క కోసమో లోను కోసమో. ఆ పేరున్న ఆవిడకి మాత్రం బండి ఈ రాత్రి ఎక్కడుందో, ఇన్సూరెన్స్ ఎప్పుడు అయిపోతుందో తెలీదు, ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టడమే. కానీ ఇన్సూరెన్స్ లేకుండా బండి ఎవర్నైనా గుద్దితే కోర్టు నోటీసు వచ్చేది ఆ పేరుకే. బండి అమ్మేశాం బాబూ అన్నా ఆర్‌సీ మారకపోతే ఆ పేరున్నవాళ్లే ఓనరు కింద లెక్క అని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పేసింది. అంటే బాధ్యత మనది, పెత్తనం ఇంకొకరిది. అందుకే ఆడవాళ్లు ఈ ఫీల్డులోకి రాగలరా అని ఎవరైనా అడిగితే నాకు నవ్వొస్తుంది, పేరు ఎప్పుడో వచ్చేసింది, కాగితం చేతికి రాలేదంతే. నీకు నేను చెప్పేదంతా ఆ కాగితం చేతికి తెచ్చుకోడం గురించే అనుకో.

ఇంతకుముందు అది కష్టంగా ఉండడానికి ఒక కారణం ఉంది. జీఎస్‌టీ రాకముందు బోర్డరులో సేల్స్‌టాక్స్ చెక్‌పోస్టులు ఉండేవి కదా, ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం, ఒడిశా వైపు గిరిసోల, ఇటు సుంకి. లైన్లో గంటల తరబడి బళ్లు, ఫారాలకి ముద్రలు, లోపల మనిషి బయట మనిషి, అక్కడ ఎవరితో ఎలా మాట్లాడాలో తెలిసిన మగమనిషి ఒకడు ఆఫీసు తరఫున పడుండాల్సిందే. ఆ పనికి ఆడవాళ్లని ఎవరూ పెట్టుకోలేదు, ఆ పని రానివాళ్లకి లైను రానట్టే లెక్క. 2017 జులైలో ఆ చెక్‌పోస్టులు ఎత్తేశారు, 2018 ఏప్రిల్ నుంచి రాష్ట్రాలు దాటే సరుకుకి ఆన్‌లైన్లో తీసే ఈ-వే బిల్లు అనే కాగితం వచ్చింది, రోడ్డు మీద జరిగే పని కంప్యూటర్ ముందుకి వచ్చేసింది. మా వైపు లారీ ఆఫీసుల్లో ఆడపిల్లలు కనపడటం అప్పటి నుంచే ఎక్కువైంది, మహిళా సాధికారత మీటింగుల వల్ల మాత్రం కాదు. ఆర్‌టీఏ వాళ్ల చెకింగులు ఇప్పటికీ ఉన్నాయనుకో, అది వేరే కథ.

ఇప్పుడు అసలు విషయం. రెండు ఉద్యోగాల్లో ఏది అనడిగావు కదా, కంపెనీ పెద్దదా చిన్నదా అని చూడకు, నిన్ను ఏ కుర్చీలో కూర్చోబెడుతున్నారో చూడు. లారీ ఆఫీసుల్లో ఆడపిల్లలకి రెండు రకాల కుర్చీలు ఇస్తారు. ఒకటి ఫోనెత్తి "సార్ బయటికెళ్లారండి" అని చెప్పే కుర్చీ, దాంతోపాటు ఎక్సెల్‌లో బండి నంబర్లు కొట్టడం. అందులో పదేళ్లున్నా నువ్వు అక్కడే. రెండోది ఎల్‌ఆర్, ఈ-వే బిల్లు, అడ్వాన్స్, పీవోడీ (ఇదేంటో కింద చెప్తాను), బిల్లు, పార్టీ అంటే లోడు ఇచ్చిన కంపెనీ దగ్గర్నుంచి వసూలు, ఈ గొలుసులో ఎక్కడో ఒకచోట ఉండే కుర్చీ. మొదట గొలుసులో ఒక్క లంకె ఇచ్చినా చాలు, పక్క లంకె నేర్చుకోడం నీ చేతిలో ఉంటుంది. జీతం వెయ్యో రెండు వేలో తక్కువైనా సరే రెండోదే తీసుకో.

ఎందుకంటున్నానంటే ఈ వ్యాపారంలో బండి తిరిగినంత మాత్రాన డబ్బు రాదు. కిరాయి మాట్లాడేటప్పుడే ఎక్కువ భాగం అడ్వాన్స్ డ్రైవరుకి, ఓనరుకి ఇచ్చేస్తాం, డీజిలు కొట్టించాలి కదా. పార్టీ మాత్రం మనకి నెల, రెండు నెలలు, ఒక్కోసారి మూడు నెలలకి ఇస్తాడు. మధ్యలో నలిగేది ట్రాన్స్‌పోర్టరు. పార్టీ డబ్బు ఆపడానికి దొరికే మొదటి సాకు పీవోడీ, అంటే సరుకు ముట్టిందని అవతలివాళ్లు సంతకం, స్టాంపు వేసిచ్చే ఎల్‌ఆర్ కాపీ.

ఒక పీవోడీ ఎలా వస్తుందో చెప్తాను చూడు. డ్రైవర్ షర్టు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీస్తాడు, చెమటకి తడిసి స్టాంపు ఊదారంగు మచ్చలా అలుక్కుపోయి ఉంటుంది. వెనక్కి తిప్పితే గేటు దగ్గర ఎవరో బాల్‌పెన్నుతో "2 బస్తాలు తడి, షార్టేజ్ ఉంది" అని గీకేశారు, ఎన్ని కేజీలో లేదు, కింద పేరు లేదు. కొత్తవాళ్లైతే దాన్ని అలాగే బిల్లుకి పిన్ను కొట్టి పంపించేస్తారు, రెండు నెలల తర్వాత పార్టీ వాళ్లు తమకి తోచినంత కోసేసి మిగతాది వేస్తారు. పని తెలిసిన మనిషైతే ఆ నిమిషంలోనే డ్రైవర్ని కూర్చోబెట్టి అడుగుతుంది, లోడింగ్ కాటా స్లిప్పేది, అన్‌లోడింగ్ కాటా స్లిప్పేది, రెండు కాటాల మధ్య డీజిలు ఎక్కడ కొట్టించావు, వర్షం పడిందా, టార్పాలిన్ తడిగా ఉండగా కాటా ఎక్కిందా ఆరాక ఎక్కిందా, కాటా మీద ఉన్నప్పుడు క్లీనర్ కేబిన్‌లో ఉన్నాడా దిగాడా. తడిసిన టార్పాలిన్ బరువు ఎంత తేడా తెస్తుందో ఒకసారి చూస్తే నువ్వే ఆశ్చర్యపోతావు. ఖాళీ బండి బరువు రెండుచోట్లా వేరేగా ఉంటే షార్టేజ్ సగం అక్కడే తేలిపోతుంది. అప్పుడు ఆ రోజే పార్టీకి మెయిలు, స్లిప్పుల ఫోటోలతో సహా. ఇంతే పని, దీనికి కండబలం అక్కర్లేదు, అరుపులు అక్కర్లేదు, ఓపిగ్గా కాగితం చదవడం కావాలి. ఆ మనిషి వల్ల నెలకి ఎంత డబ్బు ఆగకుండా వస్తుందో ఓనరుకి ఒకసారి తెలిసిందా, ఇంక ఆవిడ్ని ఫోన్ల కుర్చీలో కూర్చోబెట్టే ధైర్యం చెయ్యడు.

హాల్టింగ్, అంటే బండిని ఆపేసినందుకు పార్టీ ఇవ్వాల్సిన డబ్బు, అది కూడా ఇలాంటిదే. బండి ఫ్యాక్టరీ గేటుకి పొద్దున్నే వచ్చేస్తుంది, వాళ్లు లోపలికి పిలిచినప్పుడే రిజిస్టరులో ఎంట్రీ వేస్తారు, అది మర్నాడు సాయంత్రం. కాగితం ప్రకారం బండి అప్పుడే వచ్చినట్టు, హాల్టింగ్ అడిగితే ఏ హాల్టింగ్ అంటారు. మా ఆఫీసులో పిల్లలకి చెప్పేదేంటంటే డ్రైవర్ గేటుకి చేరగానే గేటు బోర్డు, బండి నంబరు రెండూ కనపడేలా టైం పడే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టించండి, దాన్ని అప్పుడే పార్టీ డిస్పాచ్ వాళ్లకి పంపండి, గొడవొచ్చాక పంపితే లాభం లేదు. డ్రైవర్లు మొదట్లో విసుక్కుంటారు, "ఏటమ్మా, పెళ్లి ఫోటోలా ఏటి" అని. తర్వాత ఆ హాల్టింగ్ డబ్బులో వాళ్ల బత్తా వాళ్లకి వచ్చేసరికి అడక్కుండానే ఫోటోలు వస్తాయి.

ఈ-వే బిల్లు నేర్చుకుంటే సగం ఆఫీసు నీ చుట్టూ తిరుగుతుంది. సరుకు విలువ 50,000 దాటితే అది ఉండాలి. పార్ట్ ఏ సరుకు సంగతి, పార్ట్ బీ బండి సంగతి. మామూలు సరుకుకి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున గడువు, ఇది 2021 జనవరి నుంచి, అంతకుముందు 100కే ఒక రోజు ఇచ్చేవారు. 800 కిలోమీటర్ల ట్రిప్పుకి 4 రోజులు, మొదటి రోజు లెక్క పార్ట్ బీ వేసిన మర్నాటి అర్ధరాత్రికి ముగుస్తుంది. బండి ఘాట్‌లో పాడై సరుకు ఇంకో బండిలోకి మార్చారనుకో, కొత్త నంబరు పార్ట్ బీలో వేశాకే కదలాలి. గడువు అయిపోతుంటే ముందు 8 గంటల్లోనో, అయిపోయాక 8 గంటల్లోపో పొడిగించుకోవచ్చు, అది కూడా దాటిపోయి బండి పట్టుబడితే పన్నుకి రెండింతలు జరిమానా, బండి స్టేషన్లో. ఇది రాత్రి పదకొండుకి గుర్తుపెట్టుకుని చూసే మనిషి ఎవరో ఒకరు ఉండాలి, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో కూడా చెయ్యొచ్చు. చాలా ఆఫీసుల్లో ఆ మనిషి ఇప్పుడు ఆడమనిషే. కానీ దానికి వేరే డబ్బులివ్వరు, "కొంచెం చూడమ్మా" అంటారు. ఆ కొంచెం చూడడానికి జీతంలో ఎంతో చేరేటప్పుడే మాట్లాడుకో.

నీకున్న ఒక బలం నువ్వు రాయలేదు. గుణుపూర్ పిల్లవి, తెలుగు ఇంట్లో మాట్లాడతావు, ఒడియా బళ్లో చదివి ఉంటావు, హిందీ ఎలాగూ వస్తుంది. రాయగడలో మాకు దీని విలువ తెలుసు. జేకేపూర్ పేపరు, తేరుబలి ఫెర్రో ఎల్లాయ్, టికిరి వైపు అల్యూమినా, మీ గుణుపూర్ పత్తి, బియ్యం, చింతపండు, ఇక్కడ లోడు ఇచ్చేవాడు ఒడియాలో మాట్లాడితే డ్రైవరు సాలూరు యాసలో మాట్లాడతాడు, రాయపూర్ పార్టీ హిందీలో తిడతాడు. మూడింటిలోనూ రేటు మాట్లాడగలిగే మనిషి విశాఖలో అంత తేలిగ్గా దొరకదు. బయోడేటాలో చివర్న భాషలు అని ఒక మూల పడేస్తారే, అలా కాకుండా పైనే రాయి.

రేటు అన్నాను కాబట్టి అసలు గోడ అక్కడుంది. కాగితం పని ఆడవాళ్లకి ఇస్తారు, రేటు ఫైనల్ చేసే పని ఇవ్వరు. బ్రోకరో పార్టీ వాళ్ల పర్చేజ్ మేనేజరో ఫోన్ చేస్తాడు, నీ గొంతు వినగానే "సార్‌కి ఇవ్వమ్మా ఫోను" అంటాడు. మొదట్లో ఇస్తావు, తప్పదు. ఇక్కడ ఓనరు ఏం చేస్తాడన్నదే నీ భవిష్యత్తు. "ఆ రూటు ఆవిడే చూస్తారండి, ఆవిడ చెప్పిందే రేటు" అని ఫోను వెనక్కిస్తే నువ్వు రెండేళ్లలో ఎక్కడో ఉంటావు. ప్రతిసారీ ఫోను తీసుకుని తనే మాట్లాడేస్తే ఆ ఆఫీసులో నేర్చుకోవాల్సింది నేర్చేసుకుని ఇంకోచోటు చూసుకో. ఒక రూటు అడిగి తీసుకో, చిన్నదే, రాయగడ నుంచి విశాఖ చాలు. ఆ రూటులో ఏ రోజు ఏ సరుకుకి ఎంత నడుస్తోంది, ఏ సీజనులో బళ్లు దొరకవు, తిరుగు లోడు ఎక్కడ దొరుకుతుంది, ఖాళీగా వస్తే ఓనరుకి ఎంత తగులుతుంది, నోటుపుస్తకంలో రాసుకో. తిరుగు లోడు తెలిసినవాళ్లే రేటు మాట్లాడగలరు, మిగతాదంతా గొంతు పెంచడం.

ఇంకోటి, పార్టీ వాళ్లు "ఇంకో రెండు టన్నులు వేసుకోండి మేడమ్, మీకే లాభం" అంటారు. ఒప్పుకోకు. పది టైర్ల బండికి 2018 నుంచి సరుకుతో కలిపి 28.5 టన్నుల దాకా పర్మిషను, అది దాటితే చట్టంలో 20,000 జరిమానా, పైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. పార్టీ కట్టడు అది. సాలూరు ఘాట్ దిగేటప్పుడు ఓవర్‌లోడు బండి బ్రేకులు ఎలా వాసనొస్తాయో మీ నాన్నగార్ని అడుగు.

డ్రైవర్లతో ఎలా వేగాలి అని నీకు లోపల భయం ఉండే ఉంటుంది, అడగలేదు కానీ. నా అనుభవంలో డ్రైవర్లు అసలు సమస్యే కాదు. చెప్పిన టైముకి అడ్వాన్స్ పడిందా, బత్తా కోయలేదా, ఇంట్లో ఎవరికో బాగోలేదంటే లోడు సర్దారా, ఇంతే చూస్తారు, "అమ్మ చెప్పింది" అంటే మళ్లీ అడగరు. కొంచెం తాగి రాత్రిపూట ఫోన్ చేసేవాళ్లు ఎక్కడో ఒకరుంటారు, ఆఫీసు నంబరు వేరే, సొంత నంబరు వేరే పెట్టుకుంటే సగం పోతుంది. నన్ను ఇబ్బంది పెట్టినవాళ్లంతా ఇస్త్రీ చొక్కాలవాళ్లే. అందుకని ఒక విషయం తెలుసుకుని ఉండు, పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకి లోపలే కమిటీ ఉండాలని 2013 చట్టం. లారీ ఆఫీసుల్లో పదిమంది ఎక్కడుంటారు, నలుగురు ఐదుగురం. అలాంటి చోట, లేదా ఓనరు మీదే ఫిర్యాదైతే, జిల్లాలో లోకల్ కమిటీకి ఇవ్వాలి. చాలామందికి ఈ రెండోది తెలీక చిన్న ఆఫీసుకి చట్టం లేదనుకుంటారు.

విశాఖ గోడౌను సంగతి. అది చెడ్డదేం కాదు, పద్ధతిగా ఉంటుంది, సరుకు లోపలికి రావడం, ర్యాకుల్లో పెట్టడం, స్టాకు లెక్క, డిస్పాచ్, అన్నీ సిస్టంలో నడుస్తాయి. అక్కడ పైకి రావాలంటే స్టాకు లెక్క తేడాలు పట్టుకోడం, డిస్పాచ్ ప్లానింగు, ఈ రెండూ నేర్చుకోవాలి, సూపర్‌వైజరు, షిఫ్ట్ ఇన్‌చార్జి దాకా ఆడపిల్లలు వస్తున్నారు. కానీ ఒకటి కచ్చితంగా అడుగు, ఎవరి పేరోల్ మీద తీసుకుంటున్నారు అని. బోర్డు మీద పెద్ద కంపెనీ పేరుంటుంది, ఆఫర్ లెటర్ మాత్రం ఏదో మ్యాన్‌పవర్ కాంట్రాక్టరుది. కాంట్రాక్టు మారితే నీ సర్వీసు మళ్లీ సున్నా నుంచి. పీఎఫ్, ఈఎస్ఐ కోస్తున్నారా, కోసింది కడుతున్నారా, చేరిన రెండో నెలలోనే ఫోన్‌లో చూసుకో. రాత్రి షిఫ్టు ఉంటే ఇంటిదాకా బండి ఎవరిస్తారో కాగితం మీద రాయించుకో.

విశాఖ వెళ్లేదే నిజమైతే ఇంకో దారి కూడా చూడమంటాను, పోర్టు పక్కన కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులు. దీని గురించి మన వైపు పిల్లలకి ఎవరూ చెప్పరు. దిగుమతి, ఎగుమతి కాగితాలు ఎక్కువగా వాళ్ల ద్వారానే నడుస్తాయి, టెక్కలి గ్రానైటు పోవాలన్నా పలాస ఫ్యాక్టరీలకి ఆఫ్రికా జీడిగింజలు రావాలన్నా. మొదట హెచ్ కార్డు మీద సహాయకురాలిగా చేరతావు, పరీక్ష పాసైతే జీ కార్డు, అప్పుడు కస్టమ్స్ కాగితాల మీద నువ్వే సంతకం పెట్టొచ్చు. ఆ పైన లైసెన్సు పరీక్ష ఉంది, అది కష్టమే, కానీ డిగ్రీ ఉన్నదానివి, పాసైతే సొంత లైసెన్సు దాకా వెళ్లొచ్చు. ఇందులో నాకు నచ్చేదేంటంటే పరీక్ష పాసైంది నువ్వు, ఓనరుకి కోపమొచ్చినా అది పీక్కోలేడు.

డ్రైవింగు గురించి నువ్వు అడగలేదు కానీ ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు కాబట్టి చెప్పేస్తున్నాను. చేసినవాళ్లు ఉన్నారు, గొప్పగా చేశారు. కన్యాకుమారి వసంతకుమారి 1993లోనే తమిళనాడు ప్రభుత్వ బస్సు నడిపారు. సతారా నుంచి వచ్చిన సురేఖా యాదవ్ రైలింజను నడిపి, 2023లో సోలాపూర్ నుంచి ముంబై వందేభారత్ కూడా తీసుకెళ్లారు. భోపాల్‌లో యోగితా రఘువంశీ లా చదివి భర్త పోయాక లారీ ఎక్కారు. మన ఉమ్మడి నల్గొండ జిల్లా తండా అమ్మాయి సరిత 2015లో ఢిల్లీ బస్సు నడిపి, 2025లో తెలంగాణ ఆర్టీసీకి మొదటి మహిళా డ్రైవరు అయింది. వాళ్లకి దండం. కానీ మా వైపు ఒక అమ్మాయి హెవీ లైసెన్సు తెచ్చుకుంటే శాలువా కప్పి పేపర్లో ఫోటో వేయించినవాళ్లే మర్నాడు బండి అడిగితే మొహం తిప్పేశారు, ఇన్సూరెన్స్ ఒప్పుకోదని ఒకరు, క్లీనర్ కుదరడని ఒకరు. 7,500 కేజీల లోపు బండి అయితే కార్లలాంటి తేలిక బళ్లకిచ్చే మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే సరుకు బండి నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది, కాబట్టి ఎవరికైనా ఆశ ఉంటే సొంత చిన్న బండితో ఊళ్లో డెలివరీలు మొదలుపెట్టడం నయం, రాత్రికి ఇంటికొచ్చేస్తారు. హైవే మీద ఆడవాళ్లకి బాత్‌రూం లేనంతకాలం లాంగ్ ట్రిప్పు గురించి ఉపన్యాసాలు నేను ఇవ్వను. రైల్వేలో అయితే పరీక్ష రాస్తే ఎవరూ మొహం తిప్పలేరు, రాయగడకి రైల్వే డివిజను కూడా ప్రకటించారు, మీ నౌపడా గుణుపూర్ లైను పక్కనే పెరిగినదానివి, రైల్వే ఉద్యోగాల ఆర్‌ఆర్‌బీ నోటిఫికేషన్లు మాత్రం వదలకు.

సొంత బండి ఎప్పుడు కొనాలి అని కూడా ఒకరోజు అడుగుతావు, ఇప్పుడే చెప్తున్నా, ముందు కొనకు. ముందు లోడు, తర్వాత బండి. నెలకి ఇన్ని లోడులు నా మాట మీద వస్తాయి అన్నాకే ఫైనాన్స్ వాళ్ల గుమ్మం తొక్కాలి, ఈఎంఐకి వర్షాకాలం తెలీదు. పది బళ్ల దాకా ఉన్నవాళ్లకి పన్నులో కొంచెం వెసులుబాటు ఉంది, లెక్కల పుస్తకాలు పెద్దగా రాయకుండా బండికింత అని చూపించుకోవచ్చు, పాన్ ఇచ్చి డిక్లరేషన్ ఇస్తే పార్టీలు టీడీఎస్, అంటే కిరాయిలోంచి ముందే పట్టుకునే పన్ను, కొయ్యకూడదు. బీకాం చదివావు, ఇది నీకు గంటలో అర్థమవుతుంది, మన ఓనర్లు ఏళ్ల తరబడి టీడీఎస్ కోయించుకుని వెనక్కి అడక్కుండా వదిలేస్తారు.

ఇది ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. పార్వతీపురం వైపు మాకు తెలిసినావిడ, భర్త యాక్సిడెంట్‌లో పోయాడు, రెండు బళ్లు ఆయన పేరు మీదే. పదకొండో రోజు కాకుండానే బావగారు వచ్చి "బండి నీకెందుకమ్మా, తాళాలిచ్చీ, నాను చూసుకుంటాను" అన్నాడట. పర్మిట్ ఉన్న మనిషి పోతే ఆ బండి ఎవరి చేతికి వచ్చిందో వాళ్లు 30 రోజుల్లోపు రవాణాశాఖకి కాగితం ఇస్తే మూడు నెలల దాకా అదే పర్మిట్ మీద నడుపుకోవచ్చు, ఈలోపు ఆర్‌సీ, పర్మిట్ తన పేరుకి మార్పించుకోవాలి. ఆవిడకి ఈ సంగతి చెప్పింది లాయరు కాదు, భర్త బళ్లకి లోడు ఇచ్చే ఆఫీసులో బిల్లింగు చూసే అమ్మాయి. ఆవిడ కాగితం ఇచ్చింది, తాళాలు ఇవ్వలేదు. ఇప్పటికీ ఆ రెండు బళ్లు తిరుగుతున్నాయి, ఒకటి కొత్తది కూడా.

ఇంక నీ ప్రశ్నకి సూటిగా, రాయగడ ఆఫీసులో బిల్లింగు, పీవోడీ పని ఇస్తామంటే అదే చేరమంటాను, రెండేళ్లు, ఇంటికి దగ్గర, మూడు భాషలకీ పని. రిసెప్షను, డేటా ఎంట్రీ అంటే మాత్రం వద్దు, విశాఖ వెళ్లిపో, అక్కడ కంపెనీ పేరోల్ అయితే గోడౌను, కాకపోతే కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులు తిరుగు.

జీతాలు ఎంత చెప్పారో రాయలేదు నువ్వు, రాయగడ ఆఫీసుకి సొంత బళ్లున్నాయా లేక బ్రోకర్ పనేనా అదీ రాయలేదు. పార్టీల దగ్గర వసూలు అక్కడ ఎవరు చూస్తున్నారో కనుక్కో, ఓనరు బావమరిదో కొడుకో అయితే ఆ కుర్చీ నీకు ఎప్పటికీ రాదు. ఆ మూడూ ఇక్కడ పెట్టు, ఆఫీసు పేరు అక్కర్లేదు, చూసి చెప్తాను.